పేజీలు ఇల్లు మారిన వైనం

అనకాపల్లిలో బుర్ర ఉన్నవాళ్ళు ఎంతమందయ్యా అని ఎవరైనా అడిగితే, పోలినాయుడు ఠక్కున "ముగ్గురండి" అనేవాడు. ఎవరయ్యా ఆ ముగ్గురూ అంటే, ముందు తన పేరు చెప్పి, తర్వాత పక్క బల్ల సన్యాసిరావు పేరు, ఎదుటి బల్ల పైడితల్లి పేరు చెప్పేవాడు. సన్యాసిరావుని అడిగినా ఆ పేర్లే. పైడితల్లిని అడిగినా అవే. అందరూ ఒకే మాట చెప్తున్నారంటే అది నిజం కాక ఏమవుతుంది చెప్పండి!

వాళ్ళు పనిచేసేది టిఫిన్ హోటల్ మేడమీద ఉన్న ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో. బెల్లం దిమ్మలు కాటా మీద పెట్టగానే బరువు చూసి చీటీ కొట్టే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. ముగ్గురి తెలివీ ఎలాంటిదంటే, కరెంటు పోతే మౌస్ మీంచి చెయ్యి తీసేవాళ్ళు కాదు. తీస్తే చేస్తున్న పని జారిపోతుందట! కరెంటు వచ్చేదాకా అలాగే బిగబట్టి కూర్చునేవాళ్ళు. ముక్కు దురదపెట్టినా ఎడంచేత్తోనే గోక్కునేవాళ్ళు.

కంపెనీ యజమానురాలు వరహాలమ్మ గారు ఒకసారి నోరు జారి, "మీలో నాకు నచ్చేది ఒక్కటే, చెప్పింది చెప్పినట్టు చేస్తారు" అనేశారు. ఇంకేముంది, ఆ రోజు నుంచి వాళ్ళ కాళ్ళు నేలమీద ఆనితే ఒట్టు.

ఇంత తెలివి ఉన్నా పోలినాయుడికి ఒక్క దిగులు మాత్రం ఉండేది. అది కుర్చీ దిగులు. అతనిది ప్లాస్టిక్ కుర్చీ. ఒక కాలు విరిగితే కింద ఇటుక పెట్టుకున్నాడు. కాస్త పక్కకి ఒరిగాడా, వెల్లకిలా పడడమే. సీనియరు నూకరత్నం గారి కుర్చీ ఉంది చూశారూ, అది గిర్రున తిరుగుతుంది, మెత్తమెత్తగా ఉంటుంది, పైగా సరిగ్గా ఫ్యాను కింద. ఆవిడ త్వరలో మానేస్తారని ఆఫీసులో అనుకుంటున్నారు. ఆ సంగతి విన్నప్పటి నుంచి పోలినాయుడి పెళ్ళాం దేముడమ్మ ఆ కుర్చీకి రెండు చిలకలున్న గలీబు కుట్టి సిద్ధంగా పెట్టింది. "ఆ కుర్చీలో నిన్ను ఒక్కసారి చూడాలి మావా" అని రోజూ అనేది. పోలినాయుడికి కళ్ళు చెమర్చేవి.

ఇలా ఉండగా ఒకరోజు వరహాలమ్మ గారు ముగ్గుర్నీ పిలిచారు.

"మన సాఫ్ట్‌వేర్ ఎలా నడపాలి, ఆగిపోతే ఏం చెయ్యాలి, ఎవరైనా చేరితే ఏం చెయ్యాలి, అన్నీ నూకరత్నం ఏళ్ళ తరబడి పేజీలు పేజీలుగా రాసిపెట్టింది కదా, అదే మన వికీ, అది ఉన్న వెబ్‌సైటువాళ్ళు శనివారం సాయంత్రం దుకాణం కట్టేస్తున్నారట. ఈలోగా పేజీలన్నీ కొత్త వెబ్‌సైటులోకి మార్చాలి. నూకరత్నమేమో కూతురి పురిటికి చీపురుపల్లి వెళ్ళింది. నేను పనిమీద విశాఖపట్నం వెళ్తున్నాను. ఇక మీరే దిక్కు."

"మేమున్నాం కదండమ్మగారూ" అన్నాడు పోలినాయుడు.

"అదే నా భయం. బాగా వినండి. పాతచోట ఒక్క పేజీ కూడా మిగలకూడదు. ఉన్నది ఉన్నట్టు రావాలి. రాసింది నిజమో కాదో చూసుకుని మరీ ఎక్కించి, పక్కన టిక్కు పెట్టండి. అంతా అయ్యాక, అలవాటుగా పాతచోటికి వచ్చేవాళ్ళ కోసం అక్కడ మొదటి పేజీలో 'మేము కొత్తచోటికి మారాము, ఇక్కడ నొక్కండి' అని రాసిపెట్టండి. పని బాగా చేశావా పోలినాయుడూ, నూకరత్నం కుర్చీ నీది. చెడగొట్టారా, ఈ ప్రాజెక్టు విశాఖపట్నం వాళ్ళకి ఇచ్చేసి ముగ్గుర్నీ ఇంటికి పంపేస్తాను."

అంతే. పోలినాయుడి చెవుల్లో 'కుర్చీ నీది' అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదు.

కొత్త వెబ్‌సైటువాళ్ళు మంచివాళ్ళు. 'పేజీలన్నీ ఒకేసారి తెచ్చుకోండి' అని ఒక బటన్ పెట్టారు. పోలినాయుడు దేవుణ్ణి తలుచుకుని నొక్కాడు. వెంటనే తెరమీద ఒక ప్రశ్న వచ్చింది: 'మీరు ఏం చేస్తున్నారో మీకు ఖచ్చితంగా తెలుసా?' కింద 'తెలుసు' అని ఒకటి, 'తెలియదు' అని ఒకటి.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"నీకు తెలుసా?" అన్నాడు పోలినాయుడు.

"ఖచ్చితంగా అంటే... తెలీదు. నీకో?" అన్నాడు సన్యాసిరావు.

"నాకు అసలే తెలీదు" అంది పైడితల్లి.

"నోరులేని కంప్యూటరు, మనల్ని నమ్మి అడుగుతోంది. దానికి అబద్ధం చెప్తామేటి?" అని పోలినాయుడు 'తెలియదు' నొక్కాడు. ప్రశ్న మాయమైపోయింది. బటనూ పనిచేయడం మానేసింది. "చూశారా, నిజం చెప్తే ఎంత మర్యాదగా వెళ్ళిపోయిందో" అన్నాడు.

సరే, చేత్తోనే ఒక్కొక్క పేజీ దించుకుందాం అనుకున్నారు. మొదటి పేజీ తెరిచారు. పైన ఇలా ఉంది: 'నూకరత్నం గారిని అడగకుండా ఈ పేజీ ముట్టుకోవద్దు.' పోలినాయుడు ఫోన్ చేశాడు.

"నూకరత్నం గారూ, పేజీ ముట్టుకోమంటారా?"

"ముట్టుకో నాయనా" అన్నారావిడ.

తర్వాతి పేజీ మీదా అదే మాట. మళ్ళీ ఫోన్. ఆ తర్వాతి పేజీకి మళ్ళీ. అవతల పసిబిడ్డ ఏడుస్తోంది, కాగులో నీళ్ళు మరుగుతున్నాయి, ఆవిడ చంకలో ఫోన్ మోగుతూనే ఉంది. చివరికి ఆవిడకి తిక్కరేగి, "పురిటింట్లో ఉన్నాన్రా బాబూ! నేను పోయాననుకోండి! అనుకుని మీ పని మీరు చూసుకోండి!" అని కట్ చేశారు.

"ఏటన్నారు?" అన్నాడు సన్యాసిరావు.

"పోయారనుకోమన్నారు" అన్నాడు పోలినాయుడు.

"అయ్యయ్యో, ఇందాక మాట్లాడినప్పుడు కూడా బాగానే ఉన్నారే!"

చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు కదా, ముగ్గురూ కళ్ళు మూసుకుని గట్టిగా అనుకున్నారు. పైడితల్లికి మొదట్లో అనుకోవడం రాలేదు. వచ్చాక ఇంక ఆగలేదు, కింద హోటల్ వాళ్ళు పరిగెత్తుకొచ్చేదాకా ఏడ్చింది. అంతే, నూకరత్నం గారి ఫొటో ఒకటి వెతికి, బంతిపూల దండ వేసి, ఆవిడ కుర్చీలోనే పెట్టి అగరొత్తులు వెలిగించారు. పోలినాయుడు ఏడుస్తూనే మెత్త ఎంత మెత్తగా ఉందో ఒకసారి నొక్కి చూశాడు. చూసి చిలకల గలీబు కూడా తొడిగేశాడు.

ఇక అసలు పని. రాసింది నిజమో కాదో చూడాలి కదా. ఎలా చూస్తారు? చేసి చూస్తారు! మరి ఇంకెలా చూస్తారు?

ఒక పేజీలో 'కాటా సరిగ్గా తూస్తోందో లేదో తెలియాలంటే, ముందే బరువు తెలిసిన సరుకుని దానిమీద పెట్టాలి' అని ఉంది.

"నా బరువు నాకు తెలుసు. మొన్ననే బస్టాండులో చూసుకున్నాను" అన్నాడు సన్యాసిరావు.

ఇంకేముంది, ముగ్గురూ బెల్లం మార్కెట్‌కి నడిచారు. సన్యాసిరావు దిమ్మల పక్కన కాటా ఎక్కి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాటా చీటీ కొట్టింది. బరువు సరిగ్గా ఉంది, కానీ పక్కన 'బెల్లం, రెండో రకం' అని పడింది. సన్యాసిరావు మొహం మాడిపోయింది.

"రెండో రకమేటి? మా ఇంట్లో అందరం మొదటి రకమే" అన్నాడు.

పేజీలో ఇంకో ముక్క కూడా ఉంది: 'చీటీ పడిన సరుకు చీటీ ప్రకారమే పోవాలి.' అంచేత అతను కిందికి దిగలేదు. వేలం పాట మొదలైంది. మార్కెట్లో వాళ్ళకి సరదా పుట్టి పాట పెంచేశారు. ఓ షావుకారు పాడుకున్నాడు. హమాలీలు సన్యాసిరావుని ఎత్తి లారీలో దిమ్మల మధ్య కూర్చోబెట్టారు. లారీ కదిలేసరికి పోలినాయుడికి కంగారు పుట్టి వెంటపడ్డాడు.

"షావుకారు గారూ, ఇతను బెల్లం కాదండీ! కావాలంటే నాకి చూసుకోండి!"

షావుకారు కడుపుబ్బ నవ్వి, "నాకక్కర్లేదు నాయనా, ఆ చెమట చూస్తేనే ఉప్పగా ఉంటాడని తెలుస్తోంది. దింపుకుపో" అన్నాడు. సన్యాసిరావు దిగాడు కానీ, రెండో రకం సంగతి మాత్రం మర్చిపోలేదు. పైడితల్లి ఆ పేజీకి టిక్కు పెట్టింది.

తర్వాతి పేజీ తుఫాను పేజీ. 'తుఫాను వస్తే కాటాలన్నీ ఆపాలి. దిమ్మల మీద టార్పాలిన్లు కప్పించాలి. మైకులో చెప్పి అందర్నీ ఇళ్ళకి పంపాలి. ఆకాశం చూసి మోసపోవద్దు.'

"తుఫాను లేదు కదా, ఎలా?" అంది పైడితల్లి.

"శనివారం దాకా తుఫాను కోసం కూర్చుంటామేటి? ఆపెయ్" అన్నాడు పోలినాయుడు.

అంతే, కాటాలన్నీ టక్కున ఆగిపోయాయి. పైడితల్లి మైకు పట్టుకుని, "తుఫానండీ, ఇళ్ళకి పోవాలండీ" అని ఒకటే కేకలు. ఎండ మాడు పగలగొడుతోంది. రైతులు పైకి చూసి, "మబ్బు తునక లేదు, తుఫానేటమ్మా?" అన్నారు. "ఆకాశం చూసి మోసపోవద్దని రాసుందండీ" అంది పైడితల్లి. రాసుందంటే కాదనేదెవరు? కాసేపటికి మార్కెట్ అంతా ఖాళీ. టార్పాలిన్ల కింద బెల్లం, టార్పాలిన్ల మీద ఈగలు, అంతే. "నిజమే, అందరూ ఇళ్ళకి పోయారు" అని పోలినాయుడు టిక్కు పెట్టించాడు.

ఆ తర్వాత 'ఎవరైనా వెళ్ళిపోతే' అన్న పేజీ వచ్చింది. వెళ్ళిపోయినవాళ్ళ పేరు తీసెయ్యాలి, వాళ్ళ తాళంచెవి బల్లమీద పెట్టాలి, ఆఫీసంతటికీ ఉన్న పాస్‌వర్డ్ మార్చాలి, కొత్తది వెళ్ళిపోయినవాళ్ళకి తెలియకూడదు. ముగ్గురూ దండేసిన ఫొటో వైపు చూశారు. పైడితల్లి ముక్కు చీదుకుంటూ నూకరత్నం గారి పేరు తీసేసింది. కొత్త పాస్‌వర్డ్ కొట్టేముందు, ఆవిడ చూడకుండా ఫొటోని గోడవైపు తిప్పి, అయ్యాక మళ్ళీ ఇటు తిప్పింది.

'ఎవరైనా కొత్తగా చేరితే' అని ఇంకో పేజీ. ప్రశ్నలు అడగాలి, దండ వేయాలి, స్వీటు పెట్టాలి, ఆఫీసులో ఉన్న కుర్చీలన్నిటిలోకీ మంచిది ఇవ్వాలి. చేరేవాళ్ళెవరూ లేరు. పేజీని ఎక్కించారు కానీ టిక్కు పడలేదు. ఆ ఒక్క టిక్కు లేనందుకు పోలినాయుడికి అన్నం సహించలేదు.

ఇక మిగిలింది కాటా రిపేరు పేజీ. అది తెరిస్తే, 'ఇది పాతబడింది, కొత్త రిపేరు పేజీ చూడండి' అని ఉంది. కొత్తది తెరిస్తే, 'ఇంకా రాస్తున్నాం, అందాకా పాత రిపేరు పేజీ చూడండి' అని ఉంది. ఆ పని సన్యాసిరావుకి అప్పగించారు. అతను పాతది చూశాడు, కొత్తది చూశాడు, మళ్ళీ పాతది చూశాడు. మధ్యాహ్నం భోజనం కూడా ఎడంచేత్తోనే తిన్నాడు.

"ఎక్కడిదాకా వచ్చావురా?" అని పోలినాయుడు అడిగితే, "దగ్గర్లోనే ఉన్నట్టుంది బావా, ఆపకు" అన్నాడు.

శనివారం పొద్దు వాలేసరికి ఆ రెండు పేజీలు కూడా ఎక్కించేశారు. పాతచోట మొదటి పేజీలో 'మేము కొత్తచోటికి మారాము, ఇక్కడ నొక్కండి' అని రాశారు. నొక్కితే కొత్తచోట మొదటి పేజీకి పోతుంది. హమ్మయ్య అనుకుంటుండగా పోలినాయుడు ఒక్క ఎగురు ఎగిరాడు.

"చచ్చాం! పాతచోట ఒక్క పేజీ కూడా మిగలకూడదన్నారు కదా? ఇదిగో, ఈ మారామన్న పేజీ మిగిలిపోయిందే!"

"అమ్మో, నువ్వు చూడబట్టి సరిపోయింది" అన్నారు ఇద్దరూ. దాన్ని కూడా ఉన్నది ఉన్నట్టు తెచ్చి, అక్కడ మొదటి పేజీ కాబట్టి ఇక్కడా మొదటి పేజీగా పెట్టారు. సరిగ్గా అప్పుడే పాతవాళ్ళు దుకాణం కట్టేశారు.

అంతలో వరహాలమ్మ గారు వచ్చారు. మార్కెట్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు రావడంతో అప్పటికే ఆవిడ మొహం కందగడ్డలా ఉంది. లోపలికి అడుగుపెట్టి, కుర్చీలో దండేసిన ఫొటో చూసి, "అయ్యో నూకరత్నమా!" అని పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డారు. ఇటుక జారింది. వెల్లకిలా పడ్డారు.

"నిజంగా పోలేదండమ్మగారూ, మేం అనుకున్నాం అంతే" అని లేవదీస్తూ చెప్పాడు పోలినాయుడు.

ఆవిడ చీర దులుపుకున్నారు. కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త వికీ తెరిచారు. 'మేము కొత్తచోటికి మారాము, ఇక్కడ నొక్కండి.' నొక్కారు. 'మేము కొత్తచోటికి మారాము, ఇక్కడ నొక్కండి.' మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే.

"ఎడంచేత్తో నొక్కండమ్మగారూ. చాలా దూరం ఉంటుంది, కుడిచెయ్యి నొప్పెడుతుంది" అని సన్యాసిరావు అనుభవం మీద చెప్పాడు.

"పేజీలేవర్రా? నూకరత్నం రాసినవన్నీ ఏవీ? ఇన్నేళ్ళ పనీ గంగలో కలిపేశారా!" ఆవిడ బల్లమీద ఒక్కటి చరిచారు. "సోమవారం మార్కెట్లో కాటా ఆగితే నేనెవర్ని అడగను? కుర్చీ కావాలా నీకు, కుర్చీ! నెత్తిన పెట్టుకుని ఊరంతా ఊరేగు, పో!"

పోలినాయుడి గుండె పొంగిపోయింది. "చిత్తం" అన్నాడు. "చూశారర్రా, అమ్మగారు ఇచ్చిన మాట తప్పలేదు!"

ఇంకేముంది, కుర్చీని నెత్తికెత్తుకున్నాడు. ఫొటో తియ్యమని ఆవిడ చెప్పలేదు కాబట్టి ఫొటో దానిమీదే ఉంది. సన్యాసిరావు ఒక పక్క, పైడితల్లి ఒక పక్క పట్టుకున్నారు. మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు బయల్దేరింది. చూసినవాళ్ళు పాపం ఎవరో పోయారనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. నలుగురు వెనకాల నడిచారు. ఎవరో పూలు కూడా చల్లారు.

బస్టాండు దగ్గర చీపురుపల్లి బస్సు ఆగింది. మనవడు పుట్టిన సంతోషంలో స్వీటు పొట్లంతో నూకరత్నం గారు దిగారు. జనాన్ని చూసి, "ఎవరు బాబూ పోయింది?" అని అడిగారు.

కుర్చీ కింద ఉన్న పోలినాయుడికి పాదాలు తప్ప ఏమీ కనబడడం లేదు. "నూకరత్నం గారండీ. బంగారంలాంటి మనిషి" అన్నాడు.

ఆవిడ పైకి చూశారు. తన ఫొటో, తన కుర్చీ, దానికి రెండు చిలకలు. వీళ్ళతో ఏళ్ళుగా వేగిన మనిషి కాబట్టి స్పృహ తప్పలేదు. నిలబెట్టి జరిగిందంతా విన్నారు. విని నెత్తి కొట్టుకున్నారు.

"ఓరి నీ తెలివి తగలెయ్యా! పేజీలెక్కడికీ పోలేదురా. ఆ మొదటి పేజీ ఒక్కటి తీసేస్తే వెనకాల అన్నీ ఉంటాయి. పోయి తియ్యి!"

"తియ్యాలంటే నూకరత్నం గారిని అడగాలండీ."

"నేనేరా నూకరత్నాన్ని!"

"మీరు పోయారు కదండీ. పేరు కూడా తీసేశాం. పోయినవాళ్ళ మాటమీద పేజీ ముట్టుకుంటే అమ్మగారు ఊరుకుంటారేటి?"

నూకరత్నం గారు ఒక్క క్షణం ఆలోచించారు. "సరే నాయనా, పోయాను. ఇప్పుడు కొత్తగా చేరతాను. చేర్చుకోండి."

ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. టిక్కు పడని పేజీ! కుర్చీ అక్కడే రోడ్డు పక్కన దింపారు.

"ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు?" అని పోలినాయుడు గంభీరంగా అడిగాడు.

"మీ దగ్గరే."

"ఎందుకు మానేశారు?"

"పోయాను."

"మళ్ళీ ఇలాగే పోతారా?"

"మీరు ఫోన్ చెయ్యకపోతే పోను."

జవాబులన్నీ బాగున్నాయి. ఫొటోకున్న దండ తీసి ఆవిడ మెడలో వేశారు. ఆవిడ పొట్లంలోంచే స్వీటు తీసి ఆవిడ నోట్లో పెట్టారు. పైడితల్లి పేజీ గుర్తుచేసుకుని, "కుర్చీలన్నిటిలోకీ మంచిది ఇవ్వాలి" అంది.

పోలినాయుడి గుండె చివుక్కుమంది. కుర్చీ వైపు చూశాడు, చిలకల వైపు చూశాడు. దేముడమ్మ గుర్తొచ్చింది. కానీ రాసింది రాసినట్టు చెయ్యాలి కదా. "కూర్చోండమ్మా" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఆవిడ కూర్చున్నారు. ముగ్గురూ తోసుకుంటూ ఆఫీసుకి తీసుకెళ్ళారు. మెట్లమీద మాత్రం ఆవిడే నడిచారు. ఆ మొదటి పేజీ తీసెయ్యగానే వెనకాల పేజీలన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. వరహాలమ్మ గారు గుండెల మీద చెయ్యేసుకుని ఊపిరి పీల్చుకున్నారు. "ఈసారికి పోనీ, ఉండి ఏడవండి" అన్నారు. ముగ్గురూ కాసేపు ఏడ్చి ఇళ్ళకి వెళ్ళారు. వీళ్ళని వదిలితే కంపెనీ మిగలదని నూకరత్నం గారు మానెయ్యడం మానుకున్నారు.

ఇంటికెళ్ళేసరికి దేముడమ్మ గుమ్మంలోనే ఉంది. "కుర్చీ వచ్చిందా మావా?"

"వచ్చింది. కొత్తగా చేరినావిడకి ఇచ్చేశాను."

దేముడమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోలినాయుడు కూడా దిగులుగా గుమ్మంలోనే కూలబడ్డాడు. ఉన్నట్టుండి తొడ చరిచాడు. "ఏడవకే పిచ్చిదానా! కొత్తగా చేరినోళ్ళకి మంచి కుర్చీ ఇవ్వాలని రాసుంది కదా. నేను మానేసి కొత్తగా చేరితే సరి!"

"ఎంత బుర్ర మావా నీది!" అంది దేముడమ్మ.

సోమవారం అందరికన్నా ముందే ఆఫీసుకి వెళ్ళాడు. 'ఎవరైనా వెళ్ళిపోతే' పేజీ తెరిచి, అందులో రాసింది రాసినట్టు చేశాడు. తన పేరు తీసేశాడు. తాళంచెవి బల్లమీద పెట్టాడు. పాస్‌వర్డ్ మార్చాడు. కొత్త పాస్‌వర్డ్ వెళ్ళిపోయినవాడికి తెలియకూడదు కాబట్టి గట్టిగా కళ్ళు మూసుకుని, చేతికందిన మీటలన్నీ టకటకా కొట్టేశాడు. కంప్యూటర్ 'ఖచ్చితంగా తెలుసా?' అని అడిగితే కళ్ళు మూసుకునే ఏదో నొక్కాడు. తర్వాత బయటికొచ్చి, ఇంటి నుంచి తెచ్చుకున్న దండా లడ్డూ పట్టుకుని, చొక్కా సర్దుకుని, గుమ్మం బయట నిలబడ్డాడు.

కాసేపటికి లోపల్నించి గొడవ మొదలైంది. మార్కెట్లో కాటా ఆగిందట, రిపేరు పేజీ తెరుద్దామంటే వికీ తెరుచుకోవడం లేదట. పాస్‌వర్డ్ పైడితల్లి కొట్టినా పడడం లేదు, నూకరత్నం గారు కొట్టినా పడడం లేదు. వరహాలమ్మ గారు జుట్టు పీక్కుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"ఒరే పోలినాయుడూ! పాస్‌వర్డ్ ఏమిట్రా?"

పోలినాయుడు వినయంగా దండ ముందుకి చాచాడు. "అది వెళ్ళిపోయినవాడికి తెలియకూడదండమ్మగారూ. ముందు ప్రశ్నలు అడిగి నన్ను చేర్చుకోండి. కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, మళ్ళీ అలాగే కొడతాను."